రింగును 135 డిగ్రీలు ఎందుకు వంచాలి?

విజయవాడ శివార్లలో అయిదంతస్తుల అపార్ట్‌మెంటు పని నడుస్తోంది. పిల్లర్లకు రింగులు కడుతున్నారు. రింగు కొక్కేన్ని 135 డిగ్రీలు లోపలికి వంచాలని డ్రాయింగులో ఉంది. మేస్త్రి మాత్రం 90 డిగ్రీల దగ్గరే ఆపేస్తున్నాడు. సైట్‌ ఇంజనీరు కుర్రాడు వద్దంటున్నాడు.

"తొంభై వంచితే ఏమవుద్ది సార్‌? ఇన్నేళ్లబట్టీ ఇలాగే కడుతున్నాం. ఏ బిల్డింగు పడిపోయింది?" అన్నాడు మేస్త్రి.

"కోడ్‌లో అలా ఉంది మేస్త్రి గారూ" అన్నాడు కుర్రాడు. అంతకుమించి చెప్పడానికి అతని దగ్గర ఏమీ లేదు.

ఆ రోజు నేను స్ట్రక్చరల్‌ కన్సల్టెంటుగా తనిఖీకి వెళ్లాను. ఎం.టెక్‌ రెండో ఏడాది చదువుతూ మా ఆఫీసుకు ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన అమ్మాయి నా వెంట ఉంది. ఆమె మేస్త్రి పక్కన గొంతుక్కూర్చుని ఒక రింగు చేతిలోకి తీసుకుంది. "బాబాయ్‌, భూకంపం వస్తే పిల్లరు మీది పైపొర కాంక్రీటు ముందు ఊడిపోతుంది. మీరు తొంభైకి వంచిన కొక్కెం ఆ పైపొరలోనే ఉంది. పొర ఊడితే దాన్ని పట్టుకునేది ఏదీ లేదు, విచ్చుకుంటుంది. రింగు విచ్చుకుంటే ఈ నిలువు కడ్డీలు బయటికి ఉబ్బుతాయి, లోపలి కాంక్రీటు రాలిపోతుంది. అదే కొక్కెం లోపలికి వంచారనుకోండి, పైన ఎంత ఊడినా ఇది లోపల కరుచుకునే ఉంటుంది."

మేస్త్రి రింగును అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా అమ్మా" అన్నాడు. సాయంత్రానికల్లా కట్టిన రింగులన్నీ విప్పించి మళ్లీ వంచించాడు. 8 మిల్లీమీటర్ల రింగుకు కొక్కెం చివర 65 మిల్లీమీటర్లు ఉందో లేదో తనే టేపుతో కొలిచి చూసుకున్నాడు.

ఐఎస్‌ 13920 అనే కోడ్‌లో ఈ నియమం ఉంది. విజయవాడ భూకంప జోన్‌-3లో ఉంది కాబట్టి అక్కడ అది తప్పనిసరి. బీటెక్‌ చదివిన కుర్రాడికీ ఆ సంగతి తెలుసు. ఎందుకో మాత్రం తెలియదు. ఎం.టెక్‌ చేయాలా వద్దా అని ఏటా వేసవిలో నన్ను అడిగే పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు నేను ముందుగా ఆ సైటు సంగతే చెబుతాను. ఆ "ఎందుకు" తెలుసుకోవడానికి రెండేళ్లు పెట్టొచ్చా, పెడితే ఎక్కడ పెట్టాలి, అది నిజంగా దొరికే చోట్లు ఎన్ని అన్నదే ఈ వ్యాసంలో చూడదలచుకున్నది. నేను స్ట్రక్చర్స్‌ వాడిని. మెకానికల్‌ గురించి నాకు తెలిసినంతే రాస్తాను. పునాది లెక్కలు రెండింటికీ ఒకటే కాబట్టి చాలా మాటలు అటూ వర్తిస్తాయి.

ఈ చదువుకు మన దగ్గర మంచి వారసత్వమే ఉంది. నాగార్జునసాగర్‌తో పాటే గుర్తొచ్చే కానూరి లక్ష్మణరావు మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్‌ మాస్టర్స్‌ పట్టా పుచ్చుకుని, 1939లో బర్మింగ్‌హామ్‌లో పీహెచ్‌డీ చేశారు. ఉస్మానియా ఇంజనీరింగ్‌ కళాశాల 1929 నాటిది. వరంగల్‌ ఆర్‌ఈసీకి 1959లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఇప్పుడది ఎన్‌ఐటీ. ఆ తరంలో పీజీకి వెళ్లేవారు కొద్దిమందే. వెళ్లినవాళ్లకు ఆనకట్టలు, వంతెనలు, ఉక్కు కర్మాగారాల రూపంలో పని ఎదురుగా ఉండేది. చదువుకూ పనికీ మధ్య దూరం తక్కువ.

ఇంజనీరింగ్‌ కాలేజీలు వీధికొకటి వెలిసిన రోజుల్లో ఆ దూరం పెరిగింది. అసిస్టెంట్‌ ప్రొఫెసర్‌ కావాలంటే బీటెక్‌, ఎం.టెక్‌ రెండూ ఉండాలి, రెండింట్లో ఒకదానిలోనైనా ఫస్ట్‌ క్లాస్‌ రావాలి అన్నది ఏఐసీటీఈ నియమం. కాలేజీలకు లెక్చరర్లు కావాలి, లెక్చరర్లకు ఎం.టెక్‌ కావాలి, దానికోసం అవే కాలేజీలు ఎం.టెక్‌ సీట్లు తెరిచాయి. పట్టాను పట్టా కోసమే తయారుచేసే ఈ చక్రంలో తెలివైన పిల్లలు చాలామంది నలిగారు. పొద్దున కాలేజీలో పాఠం చెప్పి, సాయంత్రం తమ ఎం.టెక్‌ హాజరు సరిచేసుకున్నవాళ్లు నాకు తెలుసు. తర్వాత కంప్యూటర్‌ సైన్సు వైపు జనం మళ్లాక సివిల్‌, మెకానికల్‌ సెక్షన్లు తగ్గాయి, వాటితోపాటే ఆ లెక్చరర్‌ ఉద్యోగాలూ తగ్గాయి. ఇవాళ చాలా కాలేజీల్లో పీజీ సీట్లు ఖాళీగా ఉంటున్నాయి. కేవలం లెక్చరర్‌ కొలువు కోసం ఎం.టెక్‌ చేయాలనుకునేవాళ్లకు నా సలహా ఒక్కటే: వద్దు. బోధన మీద నిజమైన ఇష్టం ఉంటే పీహెచ్‌డీ దాకా వెళ్లే ఓపిక కూడగట్టుకుని బయల్దేరండి.

లోపలికి వెళ్లే దారి

పెద్ద దారి గేట్‌ పరీక్ష. ఐఐఎస్సీ, ఏడు పాత ఐఐటీలు వంతులవారీగా నిర్వహిస్తాయి. మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 15 మార్కులు జనరల్‌ ఆప్టిట్యూడ్‌వి. వచ్చిన స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఐఐటీలకు కోప్‌, ఎన్‌ఐటీలకు సీసీఎంటీ అనే కౌన్సెలింగులు విడివిడిగా జరుగుతాయి. రాష్ట్రాల స్థాయిలో పీజీఈసెట్‌ ఉంది. అది రెండు గంటల్లో 120 ప్రశ్నలు. కనీస అర్హత 25 శాతం మార్కులు.

గేట్‌ స్కోరుతో చేరినవారికి నెలకు 12,400 రూపాయల స్టైపెండ్‌ గరిష్ఠంగా 24 నెలలు వస్తుంది. పీజీఈసెట్‌తో చేరినవారికి అది లేదు. ఆ 12,400 అన్న అంకె ఏళ్ల తరబడి కదల్లేదు. హాస్టల్‌ మెస్‌ బిల్లు, ఊరికి రాకపోకల ఖర్చు మాత్రం ఏటా కదులుతూనే ఉన్నాయి. ఇంట్లో చెల్లెలి పెళ్లో, తండ్రి అప్పో ఉన్న కుర్రాడికి ఈ లెక్క చిన్నది కాదు. బీటెక్‌ తోటివాళ్లు సాఫ్ట్‌వేర్‌లో మొదటి జీతం అందుకుంటుంటే ఇతను ల్యాబులో కాంక్రీటు క్యూబులు తిప్పుతూ కూర్చోవాలి. ప్రతిభ ఉండి కూడా ఈ చదువుకు దూరమయ్యేవారిలో ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. ఈ స్టైపెండ్‌ను పెంచడమే ఎం.టెక్‌ చదువుకు ఇప్పుడు ప్రభుత్వం చేయగల అతిపెద్ద మేలు అని నా గట్టి నమ్మకం.

ఇదే గేట్‌ స్కోరు చూసి ప్రభుత్వరంగ సంస్థలు బీటెక్‌ వాళ్లకు నేరుగా ఉద్యోగాలిస్తాయి. మంచి ర్యాంకు వచ్చినవాళ్లలో చాలామంది అటు వెళ్తారు. ఎం.టెక్‌లో చేరి, మొదటి సెమిస్టరు మధ్యలో పీఎస్‌యూ పిలుపు రాగానే పెట్టె సర్దుకునేవాళ్లూ ఉంటారు. వాళ్లను తప్పుపట్టలేం. అలా మధ్యలో ఖాళీ అయ్యే సీటు మాత్రం ఎవరికీ దక్కదు.

లోపల ఏముంది?

సాధారణంగా మొత్తం 68 క్రెడిట్లు. మొదటి ఏడాది క్లాసులు, రెండో ఏడాది ప్రాజెక్టు. స్ట్రక్చర్స్‌లో ఎలాస్టిసిటీ, మ్యాట్రిక్స్‌ పద్ధతులు, ఫైనైట్‌ ఎలిమెంట్‌ పద్ధతి, స్ట్రక్చరల్‌ డైనమిక్స్‌, భూకంప ఇంజనీరింగ్‌, స్టెబిలిటీ, ప్లేట్లు-షెల్స్‌, ప్రీస్ట్రెస్డ్‌ కాంక్రీట్‌ ఉంటాయి. వీటన్నిటి గురించీ సమానంగా రాయడం దండగ. నా ఉద్దేశంలో ఈ రెండేళ్లను నిలబెట్టేవి రెండే పేపర్లు: ఫైనైట్‌ ఎలిమెంట్‌, డైనమిక్స్‌.

ఫైనైట్‌ ఎలిమెంట్‌ అన్న పేరు పెట్టింది బర్క్‌లీ ప్రొఫెసర్‌ రే క్లఫ్‌, 1960లో. ఒక పెద్ద వస్తువును చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్క ఎంత గట్టిదో రాసుకుని, అన్నిటినీ మళ్లీ కలిపి సమీకరణాలుగా సాధించడం దీని సారాంశం. విమానం రెక్కల కోసం మొదలైన ఈ పద్ధతి ఇవాళ వంతెన నుంచి పిస్టన్‌ దాకా అన్నిటికీ ఆధారం. అందుకే స్ట్రక్చర్స్‌ వాళ్లూ మెకానికల్‌ వాళ్లూ ఒకే పుస్తకం పట్టుకుని కనిపిస్తారు. ఆ పుస్తకాల్లో రెండింటి మీద తెలుగు పేర్లు ఉండటం నాకు విద్యార్థిగా ఉన్నప్పటి నుంచీ గర్వంగా ఉండేది. ఒకటి ఉస్మానియాలో చదివి టెక్సస్‌ ఎ అండ్‌ ఎం విశ్వవిద్యాలయానికి చేరిన జె.ఎన్‌. రెడ్డిది. ఆయన 1984లో ప్లేట్లకు థర్డ్‌ ఆర్డర్‌ సిద్ధాంతం ప్రతిపాదించారు. 2019లో యాంత్రికశాస్త్రంలో పెద్ద గౌరవమైన టిమొషెంకో పతకం అందుకున్నారు. రెండో పుస్తకం రాసినవారిలో ఒకరైన తిరుపతి చంద్రుపట్ల వరంగల్‌ ఆర్‌ఈసీలో చదువుకున్నవారు.

ఇంత మంచి పద్ధతి ఎక్కడ దెబ్బకొడుతుందో తెలియాలంటే నార్వేలో జరిగిన ఒక సంగతి చెప్పాలి. ఉత్తర సముద్రంలో 82 మీటర్ల లోతున నిలబడాల్సిన స్లైప్‌నర్‌-ఎ అనే చమురు వేదికకు అడుగున కాంక్రీటు దిమ్మె కట్టారు. అందులో 24 గుండ్రటి గదులు తేనెపట్టులా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. గదులు కలిసే చోట మూడు మూలల చిన్న సందు మిగులుతుంది, దాంట్లోకి సముద్రపు నీరు వస్తుంది. ఆ సందు గోడ మీద షియర్‌ (కోత బలం) ఎంత పడుతుందో ఫైనైట్‌ ఎలిమెంట్‌తో లెక్కకట్టారు. అక్కడ వాడిన ముక్కలు మరీ మొరటుగా ఉండటంతో షియర్‌ 47 శాతం తక్కువ చూపించింది. ఆ అంకె ప్రకారమే గోడ మందం, కడ్డీలు పెట్టారు. 1991 ఆగస్టు 23న పరీక్ష కోసం దిమ్మెను నీటిలోకి దించుతుండగా సుమారు 65 మీటర్ల లోతులో గోడ చీలింది. మొత్తం కట్టడం సముద్రగర్భంలో ముక్కలైపోయింది. నష్టం దాదాపు 70 కోట్ల డాలర్లు. అదృష్టం కొద్దీ ఎవరి ప్రాణాలూ పోలేదు. తర్వాత జాగ్రత్తగా మళ్లీ లెక్క కడితే 62 మీటర్ల దగ్గర గోడ విఫలమవుతుందని తేలింది.

సాఫ్ట్‌వేర్‌ అబద్ధం చెప్పలేదు. ఇచ్చిన ముక్కలకు సరైన జవాబే ఇచ్చింది. ఆ ముక్కలు ఆ చోటికి సరిపోవని చెప్పాల్సింది మనిషి. ఈటాబ్స్‌, స్టాడ్‌, యాన్సిస్‌ లాంటి సాఫ్ట్‌వేర్లు నేర్పే కోర్సులు మూడు నెలల్లో దొరుకుతాయి, బటన్లు ఎక్కడున్నాయో అక్కడ నేర్చుకోవచ్చు. తెర మీద రంగురంగుల స్ట్రెస్‌ బొమ్మ వచ్చాక, "ఈ మూల దగ్గర మెష్‌ ఇంకా చిన్నది చేస్తే ఈ అంకె నిలుస్తుందా, పెరుగుతూ పోతుందా?" అని ఆగి చూసే అలవాటు మాత్రం అక్కడ రాదు. ఒక త్రిభుజం ముక్కకు స్టిఫ్‌నెస్‌ మ్యాట్రిక్స్‌ను కాగితం మీద చేత్తో కట్టినవాడికే అది వస్తుంది. పాఠశాలలో ఎక్కాలు రాయించినట్టు ఎం.టెక్‌లో ఈ పని చేయించాలి. చాలా చోట్ల చేయించడం లేదు.

ఇక డైనమిక్స్‌, అంటే కట్టడాలు ఊగే తీరు చదివే పేపరు. 2001 జనవరి 26న భుజ్‌లో భూకంపం వచ్చింది. అక్కడికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో బహుళ అంతస్తుల భవనాలు కూలిపోయాయి. వాటిలో చాలా వాటికి కింద కార్ల పార్కింగు కోసం గోడలు లేకుండా పిల్లర్లు మాత్రమే ఉన్నాయి. పైన గోడలతో బిగుసుకున్న అంతస్తులు ఒకే పెట్టెలా కదిలితే, వంగాల్సిన భారమంతా కింది పిల్లర్ల మీద పడింది. ఇప్పుడు హైదరాబాద్‌లో గానీ గుంటూరులో గానీ ఏదో ఒక కొత్త వీధిలోకి వెళ్లి చూడండి. వరసగా అవే కట్టడాలు. మనకు భూకంపాలు రావనుకోవద్దు. 1969లో భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో వచ్చింది. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చినప్పుడు హైదరాబాద్‌లో కూడా జనం ఊగింపును గుర్తుపట్టారు.

నేను పాఠం చెప్పే ఎం.టెక్‌ క్లాసులో చేయించే ఒక చిన్న లెక్క ఇక్కడ చూపిస్తాను. హైదరాబాద్‌లో రాతి నేల మీద 15 మీటర్ల ఎత్తున కాంక్రీటు ఫ్రేము భవనం ఉందనుకుందాం. ఐఎస్‌ 1893 ప్రకారం గోడలు లేని ఫ్రేముకు ఊగే కాలం (ఒక్క ఊపుకు పట్టే సమయం) కావాలంటే ఎత్తును 0.75 ఘాతానికి పెంచి 0.075తో గుణించాలి. 0.57 సెకను వస్తుంది. నిజానికి ఆ భవనంలో ఇటుక గోడలున్నాయి. గోడలున్న భవనానికి సూత్రం వేరు. ఎత్తును 0.09తో గుణించి, భవనం వెడల్పు వర్గమూలంతో భాగించాలి. వెడల్పు 12 మీటర్లనుకుంటే 0.39 సెకను. గట్టి నేలకు స్పెక్ట్రమ్‌ గ్రాఫులో మొదటి కాలానికి గుణకం 1.75, రెండోదానికి 2.5. గోడలను లెక్కలోకి తీసుకున్నామా లేదా అన్న ఒక్క నిర్ణయంతో ఆ భవనం మీద వేయాల్సిన భూకంప బలం 40 శాతానికి పైగా మారిపోయింది. సాఫ్ట్‌వేర్‌లో ఇది ఒకే ఒక్క గడి. అందులో ఏ అంకె పెట్టినా అది ఒప్పుకుంటుంది.

ఈ లెక్క చేశాక క్లాసులో కాసేపు ఎవరూ మాట్లాడరు. అప్పటికే ఏడాది రెండేళ్లు ఆఫీసుల్లో పనిచేసి వచ్చిన పిల్లల మొహాలు వేరుగా ఉంటాయి. తాము ఆ గడిలో ఏం నింపారో వాళ్లకు గుర్తొస్తుంది. అందుకే బీటెక్‌ అవగానే ఎం.టెక్‌కు పరుగెత్తకుండా ఒక ఏడాదైనా సైటులోనో డిజైన్‌ ఆఫీసులోనో పనిచేసి రమ్మంటాను. గేట్‌ స్కోరు ఎలాగూ మూడేళ్లు చెల్లుతుంది. ప్రశ్న చేతిలో పట్టుకుని వచ్చిన విద్యార్థికి రెండేళ్లు చాలవు. ప్రశ్న లేకుండా వచ్చినవారికి ఆ రెండేళ్లు గడవవు.

మెకానికల్‌ వైపు

అక్కడ దారులు ఎక్కువ. మెషిన్‌ డిజైన్‌, థర్మల్‌, మాన్యుఫాక్చరింగ్‌, క్యాడ్‌-క్యామ్‌, ఇంకా కొత్తగా రోబోటిక్స్‌, ఎలక్ట్రిక్‌ వాహనాలు. హైదరాబాద్‌ చుట్టూ డీఆర్‌డీవో ప్రయోగశాలలు, రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌, విదేశీ కంపెనీల ఇంజనీరింగ్‌ కేంద్రాలు ఉన్నాయి. విశాఖలో ఉక్కు కర్మాగారం, షిప్‌యార్డు ఉన్నాయి. విమాన ఇంజిన్‌ రెక్కల మీద వేడి, ఒత్తిడి విశ్లేషించే పని హైదరాబాద్‌లో కూర్చుని చేసేవాళ్లు ఎంతోమంది. సివిల్‌తో పోలిస్తే ఇక్కడ ఎం.టెక్‌ చదువుకు తగిన పని త్వరగా దొరికే అవకాశం ఎక్కువని నాకనిపిస్తుంది.

అక్కడ నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించే పేపరు ఫెటీగ్‌, ఫ్రాక్చర్‌. 1954లో కామెట్‌ అనే బ్రిటిష్‌ జెట్‌ విమానాలు రెండు, మూడు నెలల వ్యవధిలోనే ఒకదాని తర్వాత ఒకటి గాలిలో ముక్కలయ్యాయి. కారణం పట్టుకోవడానికి ఒక విమానం దేహాన్ని పెద్ద నీళ్ల ట్యాంకులో పెట్టి, లోపల ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ పోయారు. అంతకుముందు ఎగిరిన ప్రయాణాలతో కలిపి 3,057వ విడతలో కిటికీ లాంటి ఒక తెరుపు మూల నుంచి చీలిక పాకింది. ఒక్కసారి వేసే బరువుకు బ్రహ్మాండంగా నిలిచేది, అంతకంటే తక్కువ బరువును వేలసార్లు వేస్తే తెగిపోతుంది. తీగను అటూ ఇటూ వంచి తెంపే ప్రతి మేస్త్రికీ ఇది తెలుసు. ఎన్నోసారికి తెగుతుందో ముందే చెప్పగలగడమే ఆ పేపరు నేర్పే విద్య.

ల్యాబు తాళాలు, అమ్మకానికి థీసిస్‌లు

ఇష్టమైన చదువు కాబట్టే చెప్పక తప్పని బాధ ఒకటుంది. ఒకసారి ఒక కాలేజీకి ఎం.టెక్‌ వైవా పరీక్షకుడిగా వెళ్లాను. ముందు ల్యాబు చూపించమన్నాను. తాళం చెవి ఉన్న మనిషి కోసం అరగంట వెతికారు. లోపల యూటీఎం (బలం పరీక్షించే యంత్రం) మీద కప్పిన ప్లాస్టిక్‌ కవరు కొన్ననాటిదే, అలాగే ఉంది. ఆ ఏడాది పదకొండు థీసిస్‌లు వచ్చాయి, అందులో ఆరు ప్రయోగాలు చేశామని చెప్పేవే. నాలుగింటిలో ఫ్లై యాష్‌ కాంక్రీటు ఫలితాలున్నాయి. వేర్వేరు విద్యార్థులు, వేర్వేరు మిశ్రమాలు, 28 రోజుల బలం మాత్రం రెండు పట్టికల్లో దశాంశంతో సహా ఒకటే. "క్యూబులు ఎక్కడ పోశావు నాన్నా?" అని ఒక అబ్బాయిని అడిగాను. తలదించుకున్నాడు. ప్రాజెక్టు సెంటర్‌లో కొన్నాడని తర్వాత తెలిసింది. ఆ అబ్బాయి ఇంటర్లో, బీటెక్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నవాడు. రెండేళ్లూ అతన్ని ఎవరూ ఒక్క ప్రశ్నా అడగలేదు.

ఆ రోజు నేను చేయగలిగింది ఆరు థీసిస్‌లను వెనక్కి పంపడం. కాలేజీ నుంచి నాకు మళ్లీ పిలుపు రాలేదు. ఆ పిల్లల్లో ఇద్దరు మాత్రం తర్వాత సొంతంగా నా దగ్గరికి వచ్చారు. దూలం ఎలా పోయాలో, డయల్‌ గేజి ఎక్కడ పెట్టాలో మొదటినుంచి నేర్చుకున్నారు. నేర్పితే నేర్చుకునేవాళ్లే.

అందుకే ఎక్కడ చేరాలని అడిగినవాళ్లకు ర్యాంకుల జాబితా ఇవ్వను. ఆ విభాగం లైబ్రరీకి వెళ్లి గత అయిదేళ్ల థీసిస్‌లు తిరగేయమంటాను. ఫలితాల పట్టికలు చూడండి. అనుకున్నట్టు రానివి ఒక్కటైనా ఉన్నాయా? ఫోటోల్లో ఉన్న ల్యాబు ఆ కాలేజీదేనా? గైడ్‌ కింద ఎంతమంది ఉన్నారు? పాత విద్యార్థులు ఎక్కడ పనిచేస్తున్నారు? ఐఐటీల్లో, ఎన్‌ఐటీల్లో, విశ్వవిద్యాలయ కళాశాలల్లో ఈ ప్రశ్నలకు ఎక్కువగా మంచి జవాబులే వస్తాయి. హైదరాబాద్‌ ట్రిపుల్‌ఐటీలో కంప్యూటర్‌ ఆధారిత స్ట్రక్చరల్‌ ఇంజనీరింగ్‌ ఎం.టెక్‌ ఉంది, భూకంప పరిశోధన కేంద్రమూ ఉంది. ఊరిపేరు వినపడని కాలేజీలోనూ ఒక్క నిబద్ధత గల మాస్టారు ఉంటే చాలు, అలాంటివాళ్లను నేను చూశాను. సీటు రానివాళ్లకు 2003లో మొదలైన ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. పాఠాలకు అవి సరిపోతాయి. దూలాన్ని మన చేత్తో విరగ్గొట్టే అవకాశం మాత్రం వాటిలో లేదు.

బయటి దేశాలు

అమెరికాలో ఎం.ఎస్‌. సాధారణంగా 30 క్రెడిట్లు, ఏడాదిన్నర నుంచి రెండేళ్లు. చదువయ్యాక 12 నెలలు, స్టెమ్‌ చదువు కాబట్టి మరో 24 నెలలు పని చేసుకునే వీలుంది. అక్కడ డిజైన్‌ మీద సంతకం పెట్టాలంటే ఎఫ్‌ఈ అనే పరీక్ష, ఆ తర్వాత అనుభవం, పీఈ అనే లైసెన్సు పరీక్ష దాటాలి. స్ట్రక్చరల్‌ ఆఫీసులు మాస్టర్స్‌ ఉన్నవాళ్లను ఇష్టపడతాయి కాబట్టి అక్కడ ఈ పట్టాకు పనితో సూటిగా ముడి ఉంది. ఖర్చు, వీసా దిగులు రెండూ ఎక్కువ. అప్పు చేసి వెళ్లి, తీర్చడానికి సాఫ్ట్‌వేర్‌లోకి మళ్లిన స్ట్రక్చర్స్‌ పిల్లలు ఎందరో. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలా చోట్ల ఫీజు నామమాత్రం. అయితే బాడెన్‌-వుర్టెంబర్గ్‌ రాష్ట్రంలో మనలాంటి విదేశీయులకు సెమిస్టరుకు 1,500 యూరోలు ఉంది, మ్యూనిక్‌ సాంకేతిక విశ్వవిద్యాలయం కూడా 2024లో ఫీజు మొదలుపెట్టింది. బ్లాక్డ్‌ ఖాతాలో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. మన పట్టాలను సరిచూసి ఇచ్చే ఏపీఎస్‌ ధ్రువపత్రం తప్పదు. మెకానికల్‌ వాళ్లు అక్కడ జర్మన్‌ నేర్చుకోకుండా ఉద్యోగం ఆశించకపోవడం మంచిది.

మన దేశంలో అమెరికా పీఈ లాంటి ఒకే జాతీయ లైసెన్సు లేదు. మున్సిపాలిటీలు తమ తమ పద్ధతిలో స్ట్రక్చరల్‌ ఇంజనీర్లను నమోదు చేసుకుంటాయి. నేషనల్‌ బిల్డింగ్‌ కోడ్‌ మాత్రం స్ట్రక్చర్స్‌లో పీజీ చేసినవారికి అనుభవ కాలంలో కొంత సడలింపు ఇచ్చింది. మనకు గట్టి లైసెన్సు పరీక్ష ఒకటి ఉండి ఉంటే ఎం.టెక్‌ ఇంత పలచబడేది కాదు. చదువు బాగాలేకపోతే ఆ పరీక్షలో బయటపడేది.

మన పీజీ చదువు ఎంత దూరం తీసుకెళ్తుందో తెలియాలంటే చీనాబ్‌ వంతెన దగ్గర నిలబడాలి. నదికి 359 మీటర్ల ఎత్తున, 467 మీటర్ల ఉక్కు ఆర్చితో కట్టిన ఆ రైలు వంతెన 2025 జూన్‌ 6న ప్రారంభమైంది. దాని కొండవాలుల స్థిరత్వం, పునాదుల మీద ఏళ్ల తరబడి సలహాదారుగా పనిచేసిన బెంగళూరు ఐఐఎస్సీ ప్రొఫెసర్‌ జి. మాధవీలత ప్రకాశం జిల్లా పల్లె నుంచి వచ్చినవారు. కాకినాడలో బీటెక్‌, వరంగల్‌లో ఎం.టెక్‌, మద్రాస్‌ ఐఐటీలో పీహెచ్‌డీ చేశారు. ఆమెది జియోటెక్నికల్‌ విభాగం, మాకు పక్కింటిది. కొండను తవ్వుతున్నకొద్దీ రాయి కొత్త ముఖం చూపిస్తుంటే, డిజైన్‌ను దాన్నిబట్టి మారుస్తూ పోయిన పని అది.

ఎదురైనదాన్ని చూసి లెక్క మార్చుకోవడం నేను నేర్చుకున్నదీ ఎం.టెక్‌లోనే. నా సొంత థీసిస్‌ పాత కాంక్రీటు దూలాలకు ఫెర్రోసిమెంటు తొడుగు వేసి బలం పెంచడం మీద. పన్నెండు దూలాలు పోశాను. పది దూలాలు నా లెక్కకు దగ్గరగా విరిగాయి. రెండింటికి మాత్రం సగం బరువుకే తొడుగు చివర్ల నుంచి ఊడొచ్చింది. ఆ రెండింటినీ పట్టికలోంచి తీసేసి మిగతా పదింటితో రాసుకొచ్చాను. మా గైడ్‌ పట్టిక చూసి, "నువ్వు పోసింది పన్నెండు కదరా, మిగతావేవి?" అన్నారు. చెప్పాను. "పదీ అందరికీ తెలిసిందే చెబుతున్నాయి. ఆ రెండూ ఏం చెబుతున్నాయో చూసి రా" అన్నారు.

మూడు వారాలు పట్టింది. ఊడిన తొడుగు లోపలి ముఖం చేత్తో తడిమితే అద్దంలా నున్నగా ఉంది. మిగతావి గరుకుగా ఉన్నాయి. నా నోట్‌బుక్కులో తేదీలు చూశాను. ఆ రెండు దూలాలకు ఉపరితలం ఉలితో చిప్పింగ్‌ చేసింది శనివారం సాయంత్రం, చీకటిపడే వేళ. త్వరగా ముగించేశాం. థీసిస్‌లో అయిదో అధ్యాయమంతా ఆ రెండు దూలాలదే అయింది. ఈ రోజుకీ పాత భవనాలకు తొడుగు వేసే పని వస్తే, లెక్క మొదలుపెట్టకముందు సైటుకు వెళ్లి చిప్పింగ్‌ చేసిన పిల్లరు మీద అరచేయి పెట్టి చూస్తాను.